తాగని నీళ్ళు

నేను చేసిన తప్పును ఇన్నేళ్ళుగా ఒక వాగు మోస్తోంది. నింద దానిది, బరువు నాది. మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైలలో మాట. మాది తల్లాడ దగ్గర. పట్నం నుంచి వచ్చిన ఒక పరిశోధక సారు దగ్గర ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. భద్రాచలం అడవి అంచున గూడేలు తిరిగి, గర్భిణుల రక్తంలో ఇనుమును దాచిపెట్టే ప్రోటీన్ ఎంతుందో చూడడం మా పని. దానికో కొత్త మిషను ఉండేది. యాంటీబాడీ పూసిన చిన్న ఎలక్ట్రోడ్ మీద రక్తం చుక్క వేస్తే, ఆ ప్రోటీన్ మాత్రమే దానికి అతుక్కుంటుంది. పైన ఇంకో మందు వేసి, శుభ్రంగా కడిగి, కరెంటు ఎంత పారిందో ముల్లు చూసి చెప్పాలి. ముల్లు కిందనే ఉంటే ఇనుము మాత్రలు ఇచ్చేవాళ్ళం. అంతా కడగడంలోనే ఉందని, సరిగ్గా కడగకపోతే ముల్లు లేనిపోని ఎత్తుకు లేస్తుందని సారు రోజూ చెప్పేవారు.

ఎంత మంచి రోజులవి! ఇప్పపూల వాసన, కల్లాల్లో ఎండే తునికాకు కట్టలు, జీపు వెనక ఎర్రదుమ్ము. ఎండాకాలం వస్తే ఇప్పటికీ మనసు అటే లాగుతుంది. ఆ వెంటనే ముత్తమ్మ గుర్తొస్తుంది.

ఆ రోజు సారుకు జ్వరం. ఒక్కడినే వెళ్ళాను. అందరి పరీక్షలూ అయ్యాయి, ముత్తమ్మ ఒక్కతే మిగిలింది. కోయ పిల్ల, ఏడో నెల. నా చెమటలు చూసి జాలిపడి, ఎండిన వాగు ఇసుకలో తీసిన చెలమ నుంచి ఆనపకాయ బుర్రలో నీళ్ళు తెచ్చింది. కొంచెం మట్టిరంగు. నాకు రోత పుట్టింది. నాలుగు అక్షరాలు చదువుకున్నాను కదా! దాహం లేదని చెప్పి పక్కన పెట్టాను. ఆమె అటు తిరగగానే ఎలక్ట్రోడ్ కడగడానికి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్ ఎత్తి తాగేశాను. చుక్క మిగల్లేదు.

మరి దేనితో కడగను? రేపొస్తానని చెప్పవచ్చు. కానీ నీళ్ళేమయ్యాయని సారు అడిగితే? నా నోటికి పనికిరావనుకున్న ఆ చెలమ నీళ్ళతోనే ఆమె పరీక్ష కడిగాను. ముల్లు పైకి లేచింది.

"అన్నా, నడుస్తుంటే కండ్లు తిరుగుతున్నయ్. రగతం మంచిగనే ఉన్నదా మరి?"

ఆమె కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉంది. చూశాను. చూడలేదని ఎలా అనను?

"మంచిగనే ఉన్నదమ్మా. మిషన్ చెప్తున్నది గద."

"గట్లయితే ఫికర్ లేదు" అని నవ్వింది.

మాత్రలు నా సంచిలోనే ఉన్నాయి. ఇస్తే, ముల్లును ఎందుకు నమ్మలేదో సారుకు చెప్పుకోవాలి. ఇవ్వలేదు.

వానలు తగ్గాక సారుతో కలిసి మళ్ళీ వెళ్ళాను. గుడిసె ముందు ముత్తమ్మ అత్త పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాన్పులో రక్తం ఆగలేదట. అప్పుడు వాగు పొంగి ఉండడంతో దవాఖానాకు దాటించలేకపోయారట. పాడు వాగు, నా కోడలిని మింగిందని ఆమె ఏడ్చింది. ముత్తమ్మ పరీక్ష ఎలా వచ్చిందని సారు నన్నడిగారు. బాగానే వచ్చింది సార్, అన్నాను. ఆయన కూడా వాగు వైపే చూశారు.

మాత్రలు ఇచ్చి ఉంటే బతికేదా? ఒంట్లో కాస్త బలముంటే వాగు తగ్గేదాకా తట్టుకునేదేమో. ఏమో, తట్టుకునేది కాదేమో. ఎన్నేళ్ళు నాతో నేను వాదించుకున్నా తేలలేదు. తేలకపోవడం నన్నేమీ కాపాడదు.

ఆ ముసలమ్మ కళ్ళు తుడుచుకుని, ఎండన పడి వచ్చావు బిడ్డా అంటూ అదే బుర్రతో వాగు నీళ్ళు ఇచ్చింది. ఈసారి మొత్తం తాగాను. చల్లగా ఉన్నాయి. మంచి నీళ్ళే. అప్పుడే ఆమెతో నేను చెప్పేయాల్సింది, ఆ తప్పు వాగుది కాదని, నాదని.