పాత కారుకు కొత్త బ్రేకులు

మారేడ్‌పల్లి వాలులో ఆ రోజు బ్రేకు మీద దాదాపు నిలబడ్డాను. అయినా మా పాత కారు ఆగలేదు. జారుతూ జారుతూ వెళ్ళి, ముందున్న స్కూలు ఆటోకు జానెడు దూరంలో నిలిచింది. ఆటోలోని పిల్లలు నన్ను చూసి నవ్వుతూ చేతులూపారు.

ఇంటికొచ్చి, "ఈ కారు అమ్మేద్దామండీ," అన్నాను మా ఆయనతో.

పాఠాలు చెప్పడానికి రోజూ బడికి దాన్ని నడుపుకుంటూ వెళ్ళేది నేను. ఆయన ఆఫీసుకు మెట్రోలో వెళ్తారు. కానీ మమకారమంతా ఆయనదే.

"ఇంజను బంగారంలా ఉంది. బ్రేకులొక్కటే కదా! ఇదే కారు కొత్త మోడల్‌కి పెద్ద డిస్కులు వస్తున్నాయి. ముందు చక్రాలకు అవి వేయిద్దాం," అన్నారు. వీడియోలు చూసి సంపాదించిన జ్ఞానం.

రాంగోపాల్‌పేట్‌లో మేము ఎప్పుడూ వెళ్ళే మెకానిక్ కూడా ఆయనకే వంత పాడాడు. "రెండూ ఒక్క కంపెనీయే గదమ్మా. సీదా కూసుంటయి. పరేషాన్ గాకుండ్రి."

సీదాగానే కూర్చున్నాయి. వాటి మీదికి మా పాత చక్రమే ఎక్కలేదు. బడి నుంచి ఆటోలో షెడ్డుకు వెళ్ళేసరికి కారు ముందు చక్రాలు లేకుండా స్టాండ్ల మీద ఉంది.

"గీ రిమ్ములు చిన్నగైనయమ్మా. జెర పెద్దవి గావాలె."

"ముందే కొలుచుకోవద్దా?"

"కొలిస్తె ఏం తెలుస్తదమ్మా? పెట్టి చూస్తెనే తెలుస్తది."

పెద్ద రిమ్ములు వచ్చాయి. అప్పుడు బ్రేకు పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోవడం మొదలుపెట్టింది. కొత్త బ్రేకులకు ఎక్కువ ఆయిల్ నెట్టాలట, పాత మాస్టర్ సిలిండర్ వల్ల కాదట. అదీ మార్చారు. ఇక స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటోంది. ప్రతిసారీ అతను, "గిదొక్కటేనమ్మా, అయిపాయె," అనడం, మా ఆయన "విన్నావుగా!" అన్నట్టు నా వైపు చూడటం. పరీక్ష పేపర్ల సంచి మోసుకుంటూ ఆటోల వెంట పరుగులు తీసింది మాత్రం నేను. ఇంట్లో బ్రేకుల మాట వస్తే చాలు, గిన్నెలు ఠపీమని పెట్టేదాన్ని.

చివరికి అదీ సరిచేశాక, ఒక ఆదివారం కారు ఇంటికొచ్చింది. కూరగాయలు కొనుక్కుని, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని యాప్రాల్ వైపు నడిపాను. "చూశావా, ఎంత బాగా..." అని ఆయన మొదలుపెట్టారో లేదో, సందులోంచి ఒక బైకు రాంగ్ సైడులో దూసుకొచ్చింది. బలంగా తొక్కాను. కారు కట్టేసినట్టు ఆగిపోయింది. సీటు బెల్టు భుజాన్ని కోసినట్టు పట్టింది. వెనక సీట్లోని సంచి బోర్లాపడి టమాటాలన్నీ మా కాళ్ళ దగ్గరికి దొర్లాయి.

"జెర చూసి నడపరాదా మేడం!" అని బైకతను నన్నే కసిరి పోయాడు.

పాత బ్రేకులే ఉంటే అతను మా బంపరు కింద ఉండేవాడు. ఆ మాట పైకి అంటే ఇక ఈయన్ని పట్టలేం. అందుకే కారు పక్కకు తీసి ఆపానంతే. ఆయన వంగి టమాటాలు ఏరసాగారు.

"ముందువి ఇంత బాగా పట్టాయి కదా," అన్నారు తలెత్తకుండానే, "వెనకవి కూడా కొత్త మోడల్‌వి..."

"దిగండి," అన్నాను.

నవ్వులాటకు అన్నాననుకున్నారు. ఆయన దిగి, వెనక సీట్లో టమాటాల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక గానీ నేను బండి కదిలించలేదు.