సైలెన్సరుకు చేసిన సన్మానం

ఒక ట్రాక్టరును ఇంత భక్తితో చంపినవాడు బెంగళూరు దగ్గరి సర్జాపుర చుట్టుపక్కల మరొకడు ఉండడు. చంపడమంటే గోడకు గుద్దడమో, గుంటలో దించడమో కాదు. నూనె మార్చి, గ్రీజు పెట్టి, తలంటు పోసి, విభూతి పట్టెలు తీర్చి, పూలమాల వేసి, పదిమంది చూస్తుండగా ఊపిరాడకుండా చేశాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వదలచినవారు నవ్వవచ్చు. వార్త చెప్పేవాడు మాత్రం నవ్వకూడదని పత్రికలో చేరిన కొత్తలోనే నాకు నేర్పారు కాబట్టి నేను గంభీరంగానే ఉంటాను.

ఇతరుల తప్పులు దిద్దడం నా వృత్తి. బెంగళూరులో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో కూర్చుని జుట్టు నెరిసేదాకా పనిచేశాను. ఊళ్లో వాన పడిందని ఎవరైనా రాస్తే, "నువ్వు తడిశావా, ఎవరైనా చెప్పారా?" అని అడిగేవాణ్ణి. రిటైరయ్యాక అలా అడగడానికి మనుషులు కరువయ్యారు. ఇంట్లో అడిగితే నా భార్య సుగుణ ఒక్క చూపు చూసేది, అంతే. చివరికి సర్జాపుర దాటాక కొంచెం నేల కొనుక్కుని, మామిడి మొక్కలు పెట్టి, వాటి తప్పులు దిద్దడం మొదలుపెట్టాను.

పక్క నేల ప్రవీణ్‌ది. గుంటూరు వైపు కుర్రాడు, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాల్లో వ్యవసాయం. ఇద్దరం కలిసి ఒక చిన్న ట్రాక్టరు కొన్నాం. మామిడి వరసల మధ్య దూరిపోయేంత చిన్నది. మామూలు ట్రాక్టరు పక్కన నిలబెడితే పెళ్లికొడుకు పక్కన తోడి పెళ్లికొడుకులా ఉంటుంది.

మా ఇద్దరికీ అవతల నంజమ్మక్క ఎకరం. వాళ్లది తరతరాలుగా ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబం. చుట్టూ అపార్టుమెంట్లు లేచినా ఆమె ఆ ఎకరం అమ్మలేదు. "అమ్మేస్తే నా ఆవు యాడ మేస్తాదప్పా? లిఫ్టెక్కి మేడ మీదికి పోతాదా?" అని అడిగేది. చుట్టుపక్కల బాడుగ ట్రాక్టర్లన్నీ లేఅవుట్లకు మట్టి తోలే పనిలో ఉండడంతో, ఆమె చేను మేమే దున్నిపెట్టేవాళ్లం. ఆమె మాకు గడ్డపెరుగు పంపేది.

ఆ ఏడు సరిగ్గా దసరాకు ముందు మంచి వాన పడింది. మర్నాడు పొద్దున్నే నంజమ్మక్క మా గేటు దగ్గర నిలబడింది.

"ఏమప్పా, మీ ట్రాక్టరు గాడి సరిగ్గా ఉండాదా?"

"ఉందక్కా."

"అట్లయితే ఈ పొద్దే నా చేను దున్నెయ్. పదును బాగుండాది. ఉలవలు చల్లాల. ఎండ గట్టిగా కాసిందంటే నేల రాయి అయిపోతాది."

ఆ మాటకు నేను "సరే" అని ఉంటే మీరు ఈపాటికి మరేదైనా మంచి విషయం చదువుకుంటూ ఉండేవారు.

"రేపు ఆయుధ పూజ కదక్కా," అన్నాను. "బండికి సర్వీసు చేయాల్సిన సమయం దాటింది. ఇవాళ నేనే స్వయంగా సర్వీసు చేస్తాను. రేపు పూజ చేసి, నిమ్మకాయలు తొక్కించి, నేరుగా మీ చేలోకే తెస్తాను."

"నువ్వే చేస్తావా?"

"నేనే."

ఆమె నన్నూ, నా తెల్ల పంచెనూ, నా కళ్లజోడునూ వరసగా చూసింది. "ఉలవలు రాకుంటే ఎండాకాలం ఆవుకు పొట్టు ఉండదు. పొట్టు లేకుంటే ఆవును అమ్ముకోవాల. అదొకటి మనసులో పెట్టుకో అప్పా," అని వెళ్లిపోయింది.

ప్రవీణ్ ఫోనులో ఇంకాస్త మర్యాదగా చెప్పాడు. "అంకుల్, సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేద్దాం. మనకెందుకు రిస్క్?"

"బాబూ, బండితో ఇచ్చిన పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాను. అందులో అచ్చుతప్పులు కూడా దిద్దాను."

అతను ఫోను పెట్టేశాడు. పనిలేని ఎడిటరు ట్రాక్టరు విప్పాడని సామెత ఇంకా పుట్టలేదు గనక వాడుకోలేకపోయాడు.

పని మొదలుపెట్టాను. ఇంజన్ను కాసేపు నడిపి, వెచ్చబడ్డాక పాత నూనె వదిలేశాను. నల్లగా, చిక్కగా, మా పాత ప్రెస్సులో సిరాలా దిగింది. ఫిల్టరు మార్చి, కొత్త నూనె గుర్తు దాకా పోశాను. గాలి ఫిల్టరు దులిపాను. రేడియేటరు జల్లెడలో ఇరుక్కున్న ఎండు గడ్డి బ్రష్షుతో తీశాను. బెల్టు బిగువు బొటనవేలితో నొక్కి చూశాను. గ్రీజు పెట్టాల్సిన చోటల్లా పెట్టాను, పెట్టనక్కర్లేని నా మోచేతులకు కూడా పెట్టుకున్నాను. ఇక్కడిదాకా ఒక్క తప్పు లేదు. పాఠకులు తొందరపడకూడదు.

ఇక కడగాలి. కడిగేటప్పుడు సైలెన్సరులోకి నీళ్లు పోకూడదని పుస్తకంలో ఉంది. మా బండి సైలెన్సరు బానెట్టు పక్కన నిటారుగా, ఆకాశం వైపు నోరు తెరుచుకుని నిలబడి ఉంటుంది. ఆ నోరు మూయడానికి ఒక గుడ్డ కావాలి. గుడ్డపేలికల సంచిలో చెయ్యి పెడితే నా సన్మానం శాలువా వచ్చింది.

ఈ శాలువాల గురించి ఒక మాట చెప్పాలి. పత్రికలో ఎక్కువ కాలం ఉన్నవాడికి సన్మానాలు తప్పవు. శాలువా చలి ఆపదు, చెమట పీల్చదు. ఎవరికైనా ఇద్దామంటే వాళ్ల దగ్గర మనకన్నా ఎక్కువ ఉంటాయి. సుగుణ కొంతకాలం చూసి, బీరువాలో చోటు కోసం వాటిని పేలికల సంచిలోకి బదిలీ చేసింది. నా చేతికొచ్చింది మెరూన్ రంగుది, జరీ అంచుది. దాన్ని మెలిపెట్టి, సైలెన్సరు గొంతులోకి కుక్కి, పార కర్రతో దట్టించి, పైకి మిగిలిన కొసను పురికొసతో బిగించి కట్టాను. ఇన్నాళ్లకు ఈ శాలువా ఒకరికి అక్కరకు వచ్చింది కదా అని తృప్తి కూడా పడ్డాను.

పాఠకులు ఈ శాలువాను గుర్తుపెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్న బండి తళతళలాడుతోంది. అలంకారం సుగుణది. ముందు రెండు పక్కలా అరటి పిలకలు కట్టాలి. ఒక పక్క లైటు కమ్మీకి కట్టింది. రెండో పక్క నిటారుగా సిద్ధంగా ఉన్నది సైలెన్సరే. దానికి అరటి పిలక ఆనించి, కింది నుంచి మూతి దాకా నైలాను తాడు చుడుతూ, "ఏమండీ, ఈ గొట్టం మీద గుడ్డేమిటి?" అని అడిగింది.

నేను అవతలి పక్క విభూతి పట్టెలు సమంగా వచ్చాయో లేదో చూసుకుంటున్నాను. "బాగుంది, ఉండనీ," అన్నాను.

ఆమె బాగుందా అని అడగలేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

తాడు మీద బంతిపూల దండ పడింది. సైలెన్సరు ఆనవాలు లేకుండా పోయింది. ప్రవీణ్ వచ్చి ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. పొద్దుటి నడకకు వచ్చిన అపార్టుమెంటు జనం రోడ్డు మీదే ఆగిపోయారు. నంజమ్మక్క నడుముకు ఉలవల మూట కట్టుకుని, ఒక చేత్తో ఆవు పలుపు, ఇంకో చేత్తో కొడవలి పట్టుకుని వచ్చింది. హారతి ఇచ్చాం. బూడిద గుమ్మడికాయ పగలగొట్టాం. అందరికీ బొరుగులు పంచాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. నేను పట్టాభిషేకానికి ఎక్కినట్టు సీటెక్కి తాళంచెవి తిప్పాను.

గుర్ర్... గుక్. గుక్.

ఆగిపోయింది.

మళ్లీ తిప్పాను. గుర్ర్... గుక్. కడుపునిండా తిన్నవాడు ఎక్కిళ్లతో పోయినట్టు పోయింది. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు.

"అంకుల్, డీజిల్ లైన్‌లో ఎయిర్ లాక్ అయి ఉంటుంది," అన్నాడు ప్రవీణ్.

డీజిల్ ఫిల్టరు మీది మర వదులు చేసి, బుడగలు పోయేదాకా పంపు కొట్టాను. తాళం తిప్పితే గుక్.

"బ్యాటరీ కనెక్షన్ లూజ్ ఏమో."

బిగించాను. గుక్.

"సాఫ్ట్‌వేర్ అయితే రీస్టార్ట్ చేస్తే సరిపోయేది అంకుల్."

"ఇప్పటిదాకా చేస్తున్నదేమిటి బాబూ?"

"దిష్టప్పా," అంది నంజమ్మక్క. "ఇట్లా పెండ్లికూతురి మాదిరి సింగారిస్తే తగలదా? ఇంకో గుమ్మడికాయ కొట్టు."

కొట్టాం. గుక్. గుమ్మడికాయ ముక్కలు ఆవు తినేసింది. ఆ రోజు జరిగిన మరమ్మతుల్లో ఎవరికైనా పనికొచ్చింది అదొక్కటే.

అప్పుడు సుగుణ అడిగింది. "నిన్న సాయంత్రం దాకా నడిచింది కదా. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?"

ఉద్యోగమంతా విలేఖరులను నేను అడిగిన ప్రశ్న అదే. ఆ ప్రశ్నకు సరిగా జవాబు చెప్పనివాడి వార్త చెత్తబుట్టలోకి పోయేది.

"ఏమీ మారలేదు," అన్నాను. "శుభ్రమైంది, అంతే."

గాలి ఫిల్టరు ఊడదీశాను, బిగించాను. డీజిల్ ఫిల్టరు మళ్లీ విప్పాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిందంటారు. చంకలో ఉన్న బిడ్డ కనీసం ఏడుస్తుంది. నా శాలువా తలకు పైన, బంతిపూల మధ్య, అరటాకు నీడలో, వేదిక మీద ముఖ్య అతిథిలా నోరు మెదపకుండా కూర్చుంది. నా తెల్ల పంచె ఈలోగా కర్ణాటక పటంలా తయారైంది. బ్యాటరీ గొంతు సన్నబడింది.

ఎండ ముదిరింది. నంజమ్మక్క తన చేను గట్టుకు వెళ్లి, గుప్పెడు మట్టి తీసి, పిడికిట్లో నొక్కి చూపించింది.

"పొద్దున ఇదే మట్టి ఉండ కట్టింది. ఇప్పుడు చూడప్పా."

వేళ్ల సందుల్లోంచి మట్టి పొడిగా రాలింది. అప్పటిదాకా నవ్వుతున్న జనం నవ్వు ఆపారు. నిన్న ఆమె అడిగినప్పుడు బండి నడుస్తోంది, నేల తడిగా ఉంది. మధ్యలో అడ్డం పడింది నేను. పండుగ పూట ఇంకో ట్రాక్టరు కదలదు. ఆ పిడికిలి తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పోనీలే అప్పా," అంది. "ఆ అరటి చెట్లన్నా ఇప్పించు. ఈ పొద్దుకైనా నా ఆవు కడుపు నిండుతాది. ఎండాకాలం సంగతి దేవుడు చూస్తాడు."

జవాబు వినకుండానే కొడవలితో బండి దగ్గరికి వచ్చింది. బంతిపూల దండ తెగింది, నైలాను తాడు తెగింది, దాంతోపాటే నా పురికొస కూడా తెగింది. అరటి పిలక ఆవు ముందు పడింది. ఆమె ముఖం చూడలేక నేను సీటెక్కాను. ఇదే ఆఖరు అనుకుని తాళంచెవి తిప్పాను.

మైసూరులో దసరాకు ఫిరంగులు పేలుస్తారు. ఆ శబ్దం సర్జాపురలో వినబడిందంటే అది మా సైలెన్సరు నుంచే. నల్లటి పొగ, అందులోంచి ఒక మెరూన్ పిట్ట. పిట్ట పైకి లేచి, గాల్లో మెలిక విప్పుకుని, రెక్కలు చాచి, జరీ అంచు ఎండలో మెరిపిస్తూ, తొందర ఏమీ లేనట్టు కిందికి దిగి, నంజమ్మక్క భుజాల మీద వాలింది. అధ్యక్షులవారు స్వయంగా కప్పినా అంత చక్కగా కుదరదు.

ట్రాక్టరు టకటకటకా నడుస్తోంది.

నంజమ్మక్క మసి పట్టిన ఆ శాలువాను అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

"దున్నకముందే సన్మానమా అప్పా?"

రోడ్డు మీది జనం విరగబడి నవ్వారు. సుగుణ గేటు పట్టుకుని కూర్చుండిపోయింది. ప్రవీణ్ నవ్వుతూనే ఉన్నాడు గానీ వీడియో మాత్రం ఆపలేదు. అది వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా అన్ని ఆఫీసులకూ చేరిందనీ, నా పేరు ఎక్కడా తప్పు పడలేదనీ తర్వాత తెలిసింది.

నిమ్మకాయలు నలిగాయి. నేరుగా చేలోకి దిగాం. పైపొర ఆరినా లోపల ఇంకా పదును ఉంది. పొద్దు వాలేదాకా నేను దున్నుతూ పోయాను, నంజమ్మక్క శాలువా నడుముకు బిగించి వెనక ఉలవలు చల్లుతూ వచ్చింది. మొదట దున్నిన వైపు పైరు పచ్చగా లేచింది. చివర దున్నిన వైపు నా తలలా పలచగా వచ్చింది. పొట్టు ఎలాగో సరిపోయి, ఎండాకాలం ఆవును అమ్మాల్సిన పని పడలేదు.

పత్రికలో పెద్ద తప్పులు శీర్షికల్లోనే దాక్కుంటాయి. చిన్న అక్షరాలను కళ్లు చిట్లించి చదువుతాం. బారెడు అక్షరాలను ఎవరూ చదవరు, అందరికీ కనబడుతుందిలే అనుకుంటాం. మరలన్నీ విప్పి చూసిన నేను బండిలోకెల్లా ఎత్తుగా నిలబడ్డ దానివైపు తలెత్తలేదు.

శాలువా నంజమ్మక్క దగ్గరే ఉంది. ఉతికి, చలి రోజుల్లో ఆవు మీద కప్పుతుంది. చలికి పనికిరాదని తేల్చింది నేనే గనక ఆవు అభిప్రాయం తెలుసుకోవాలి.

ఆ సాయంత్రం, సైలెన్సరు చల్లారాక, దాని మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేశాను. నా బండికి సర్వీసు నేనే చేసుకుంటాను, అది మానను. కానీ పొగ పోయే దారిలో గుడ్డ కుక్కను. భార్య "ఇదేమిటి?" అని అడిగితే "బాగుంది" అనను. వాన పడ్డాక నంజమ్మక్క గేటు దగ్గర నిలబడితే పంచాంగం చూడను. ఇక ఎవరైనా సభ పెట్టి నాకు శాలువా కప్పబోతే, చేతులు జోడించి ఆపి, నేనేం దున్నానో ముందు చెప్పమంటాను.