కాటాకు అవ్వ పెట్టిన పరీక్ష

మొన్న బౌరంపేటలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లేసరికి, మనవరాలి బరువు అర కిలో తగ్గిందని తను ఫోనులో ఏవో గీతలు చూసుకుంటూ దిగులుగా కూర్చుంది. ఆ పిల్లేమో దోసె ముక్క చేత్తో పట్టుకుని ఇల్లంతా గంతులేస్తోంది. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే, ఇరవై రెండేళ్ల వయసులో శామీర్‌పేట చెరువు పక్క ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచరుగా చేరిన రోజులు కళ్ల ముందు నిలిచాయి.

ఒకే గది, దూలానికి వేలాడే కాటా, దాని కొక్కేనికి గుడ్డ జోలె. నెలకోసారి పిల్లల్ని అందులో కూర్చోబెట్టి తూచి, చార్టులో చుక్క పెట్టేదాన్ని. చుక్క ఆకుపచ్చ పట్టీలో పడితే నిశ్చింత, ఎర్ర పట్టీలో పడితే కంగారు. ఆ ఊళ్లో చేపలమ్మే ఒక అవ్వ ఉండేది. కొడుకు చెరువులో వలలు వేసేవాడు, కోడలు మేడ్చల్ వైపు ద్రాక్షతోటల్లో కూలికి పోయేది, ఏడాదిన్నర మనవరాలు రోజంతా అవ్వ చంకలోనే. ఆ వయసు పిల్లలు పరుగులు తీస్తుంటే, ఆ పిల్ల గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయేది. తూకానికి తెమ్మని ఎన్నిసార్లు అడిగినా అవ్వది ఒకటే మాట.

"బిడ్డను మేకపిల్ల లెక్క ఏలాడదీస్తరా? దిష్టి తగుల్తది, నేను తేను."

పిల్ల ఎంతకీ నిలబడకపోయేసరికి బెంగపడిందేమో, నాలుగో నెలలో మాత్రం తనంతట తానే వచ్చింది, ఒక చంకలో మనవరాలు, మరో చేతి బుట్టలో బొచ్చె చేప.

"నీ కాటా సక్కగ ఉన్నదో లేదో ముందుగాల నేను జూడాలె. ఇది రెండు కిలోలు, ఇంట్ల తూకమేసి తెచ్చిన" అంటూ చేపను జోలెలో పడుకోబెట్టింది.

ముల్లు సరిగ్గా రెండు మీద ఆగింది. అవ్వ తృప్తిగా తలూపింది. నేను జోలె కడిగి మరో గుడ్డ వేసి పిల్లను కూర్చోబెడితే ముల్లు ఏడు మీద ఆగిపోయింది; చార్టులో చుక్క ఎర్ర పట్టీలో పడింది. అవ్వ బుట్టలోని చేపను, జోలెలోని పిల్లను మార్చి మార్చి చూసింది.

"నాలుగు చేపలంత గూడ లేదా నా పిల్ల" అంది చివరికి. "ఏం బెట్టాలె జెప్పు బిడ్డా, నేను బెడ్త."

అప్పటిదాకా ఆమెకు పాఠం చెప్పాలని ఎదురుచూసిన నాకు, ఆ గొంతు విన్నాక సిగ్గేసింది. డాక్టరమ్మకు చూపిస్తే జబ్బేమీ లేదు, తిండే చాలడం లేదన్నారు. ఏడ్చినప్పుడల్లా అవ్వ ప్రేమగా చాయ్‌లో బిస్కెట్టు ముంచి పెట్టేదట. దాంతో ఆకలి చచ్చిపోయేది. చాయ్ మానేశాం. మెత్తటి పప్పన్నంలో నెయ్యి, ముల్లు తీసి మెదిపిన కొర్రమట్ట చేప, కొంచెం కొంచెంగా రోజుకు ఐదుసార్లు. కోళ్లు పెంచే ఎదురింటి చాచి రోజూ ఒక గుడ్డు పంపేది.

వానల్లో జ్వరమొచ్చి ముల్లు మళ్లీ వెనక్కి జరిగింది. ఇక అవ్వ రాదేమోనని నేను భయపడ్డాను. ఆమే నాకు ధైర్యం చెప్పింది.

"వలల చేపలు గూడ రోజూ ఒక్కతీరు పడయి. నువ్వు సుక్క బెట్టు."

మరుసటి ఎండాకాలానికి పిల్ల పది కిలోలు దాటింది, చుక్క ఆకుపచ్చలో పడింది. నడిచి కాదు, ఉరికి వచ్చింది మా గదికి. ఆ రోజు అవ్వ బస్టాపులో చేపలకంటే ముందు ఆ సంగతే అమ్మింది. కరీంనగర్ బస్సు దిగినవాళ్లందరికీ మనవరాలి బరువు చెప్పింది. మా అంగన్‌వాడీ పిల్లలందరికీ చేపల పులుసు వండి తెచ్చి, తనే ముళ్లు ఏరి పెట్టింది.

ఇప్పుడు ఆ ద్రాక్షతోటలు కాలనీలయ్యాయి. ఈనాటి తల్లులకు నాకు అప్పుడు తెలిసినదానికన్నా ఎక్కువే తెలుసు; పిల్లలూ మునుపటికంటే బాగున్నారు, అందుకు సంతోషమే. కానీ ఆ రోజుల్లో ఒక పిల్ల అరకిలో పెరిగితే వాడంతా పండగ, తగ్గితే వాడంతా దిగులు. ఇప్పుడు ఆ దిగులంతా తలుపు వేసుకున్న ఇంట్లో ఒక్క తల్లే మోస్తోంది.