ఇటలీలో మా దొర నజరానా

ఆలేరు స్టేషన్లో పొద్దున బండెక్కే ముందు మా ఊరి దొర మాటిచ్చాడు: "పంతులూ, ఇటలీ మంచిగ సూపియ్యి. నాకు నచ్చిన బంగ్లా అసొంటిదే నీ బడికి కట్టిస్త." నేను డ్రాయింగు పంతుల్ని, కాస్త ఇంగ్లీషు వచ్చు. బడంటే తడికల పాక, వానొస్తే సెలవు. బడి వస్తుందన్న ఆశతో బొంబాయిలో ఓడెక్కాను.

జెనోవాలో దిగి, మధ్యాహ్నం రైల్లో పీసా చేరాం. ఒరిగిన గోపురం చూసి దొర, "మేస్త్రీకి కూలి ఎగ్గొట్టిండ్రా ఏంది?" అన్నాడు. ఆ సంగతులు ఆయనకు బాగా తెలుసు.

మర్నాడు ఫ్లోరెన్సు. తెల్లరాయి, పచ్చరాయి కలిపి కట్టిన పెద్ద చర్చి, పైన ఎర్రటి గుమ్మటం. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే దొర మెట్ల మీద చెప్పులు విడిచాడు. ఇక్కడ విడవనక్కర్లేదన్నాను.

"గుడిలకు చెప్పులతోని పోతరా? పాపం తగుల్తది."

ఊళ్లో గుడి మాన్యం దున్నుకునేటప్పుడు ఆ పాపం గుర్తు రాలేదు కాబోలు.

చలికాలం. నున్నటి రాతి మీద కాళ్లు కొంకర్లు పోయి, కాసేపటికే బయటికొచ్చి మెట్ల మీద చతికిలబడ్డాడు. ముందర చెప్పులు. చర్చిలోంచి వచ్చిన ముసలామె ఒకతె ఆయన వట్టికాళ్లు చూసి, అయ్యో అన్నట్టు తలాడించి చెప్పులో నాణెం వేసింది. ఆమె వెనకే ఇంకొకాయన.

దొర మీసం దువ్వాడు. "సూసినవా? నజరానా! మనోళ్లు మర్సిపోయిండ్రు గని, నేనెవల్నో గీళ్లకు ఎర్కైంది."

నిజాం కాలంలో ఆయన గడీకి పోయినవాళ్లు కాళ్ల దగ్గర నాణెం పెట్టి దండం పెట్టాలి. పోలీసు యాక్షన్ తర్వాత ఆ వరస ఆగిపోయింది. ఇంతలో పక్క మెట్టు మీది బిచ్చగాడు తన ఖాళీ టోపీ చూసుకుని మా మీద తిట్లు లంకించుకున్నాడు.

"ఏమంటుండు?"

"దండాలు పెడుతున్నడు దొరా," అన్నాను. బడి గుర్తొచ్చింది మరి.

అక్కణ్ణించి సియెనా, రోము. ఎక్కడా దొర లోపల అడుగు పెట్టలేదు. చెప్పులు ముందర పెట్టుకుని మెట్ల మీదే కొలువు. ఆయన పుణ్యమా అని నేను బొమ్మలన్నీ తీరిగ్గా చూశాను. తడి సున్నం మీద గీసిన ఆ ముఖాలు చూస్తుంటే నిజంగా ఏడుపొచ్చింది.

తిరుగు ప్రయాణంలో సికింద్రాబాదు నుంచి ఆలేరు బండెక్కాం. భువనగిరి గుట్ట కనబడేసరికి దొర నజరానా ముచ్చట డబ్బా అంతటికీ వినిపిస్తున్నాడు. ఎదురుగా మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న అవ్వ శ్రద్ధగా విన్నది.

"చెప్పులల్ల ఏసిండ్రా దొరా? మా ఊర్ల గుడికాడ అడుక్కునేటోళ్లకు గూడ గట్లనే ఏస్తరు."

డబ్బా గొల్లుమంది. దొర నా వైపు తిరిగాడు.

"నీకు ఎర్కేనా పంతులూ?"

"ఎర్కే దొరా."

"మరెందుకు చెప్పలే?"

"బడి కట్టిస్తనంటిరి గద."

ఆలేరులో ఆయన వెనక్కి చూడకుండా దిగిపోయాడు. పాక అట్లాగే ఉంది. ఇటలీ ఎట్లా ఉందని అడిగిన వాళ్లతో ఒకటే చెబుతుంటాను: గుమ్మటాలూ బొమ్మలూ సరే, అక్కడి జనం అడక్కుండానే ఇస్తారు.