తాళం వేసిన ఇళ్ల లెక్క

ఈ ఉదయం కడపలో మిరపకాయల బస్తాల లారీ ఒకటి నా పక్క నుంచి పోయింది. ఆ ఘాటుకు దగ్గు వచ్చి రోడ్డు పక్కన ఆగిపోయాను. ఖాజా హుస్సేన్ సార్ చనిపోయి ఏడాది కావస్తోంది. కోసిగి వైపు పల్లెల్లో ఆయన ఆరోగ్య సూపర్‌వైజర్. అప్పట్లో నేను ఆయన కింద కొత్తగా చేరిన ఉద్యోగిని.

ఒక ఉగాదికి ముందు మా పల్లెల్లో ఒకచోట ఇద్దరు పిల్లలకు తట్టు పోసింది. అది ఎంతవరకు పాకుతుందో లెక్క వేయమన్నారు సార్. పద్ధతి ఆయన నేర్పిందే. కాగితం మీద మూడు గడులు: తట్టు రాగల పిల్లలు, ఇప్పుడు తట్టుతో ఉన్నవాళ్లు, ఇక రానివాళ్లు. టీకా పడినవాళ్లు మూడో గడిలోకి పోతారు. ఒక్కో బిడ్డ నుంచి ఎందరికి అంటుతుందో చూసుకుంటూ వారం వారం పిల్లలను గడి నుంచి గడికి జరపాలి. కూడికలూ గుణకారాలూ వస్తే చాలు. ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చి వేశాను. ఊళ్లో దాదాపు అందరికీ టీకా పడింది. వారం వారం తట్టు వచ్చేవాళ్ల సంఖ్యకు గీసిన గీత కొంచెం లేచి పడిపోయింది. సంతోషంగా చూపించాను.

“తాళాలేసిన ఇండ్లు యాడ రాసినావు అమ్మీ?” అన్నారు.

“వాళ్లు ఊర్లో లేరు సార్. మిరపకాయలు కోసేదానికి గుంటూరు దిక్కు సుగ్గికి పోయినారు.”

“ఉగాదికి యాడుంటారు?”

నేను కాగితం వెనక్కి తీసుకున్నాను. సుగ్గికి, అంటే వలస కూలికి, పోయేవాళ్లు పిల్లల్ని వెంట తీసుకుపోతారు. ఆ పిల్లలకు టీకాలు తప్పిపోతాయి. పండగకు అందరూ ఒకేసారి దిగుతారు. వాళ్లను మొదటి గడిలో చేర్చి మళ్లీ వేస్తే గీత కాగితం అంచు దాటిపోయింది.

ఆ పిల్లలకు టీకాలు పంపమంటే పై అధికారి ఒప్పుకోలేదు. “ఇద్దరికొస్తే ఇంత గోలా? గీతలు చూసి టీకాలు పంపాలా?” అన్నాడు.

“గీత తప్పయితే మిగిలిన టీకాలు నేనే తెచ్చిస్తా సార్,” అన్నారు ఖాజా సార్. “నిజమైతే పిల్లోళ్లను యాడి నుంచి తెద్దాం?”

టీకాలు వచ్చాయి. పండగకు ముందు నాలుగు రోజులు లారీలు ఆగేచోట నిలబడ్డాం. ఒక తల్లి కోపంగా దిగింది.

“ముందు ఇంటికి పోనీ సారూ! సూది ఏసినాక బిడ్డ రాత్రంతా ఏడిస్తే నువ్వెత్తుకుంటావా?”

“ఎత్తుకుంటా తల్లీ. నా మనవళ్లను ఎత్తుకోలేదా?” అంటూ బిడ్డను చంకకెత్తుకున్నారు. నేను టీకా వేశాను. మరునాడు ఆయన ఆ ఇంటికి పోయి బిడ్డను చూసి వచ్చారు.

పండగ తర్వాత ఇంకో నలుగురికి వచ్చింది. అంతే. ఆరు వారాలు గడిచినా కొత్తగా ఎవరికీ రాలేదు. ఆ రోజు అంగట్లో శెట్టి ఎగతాళి చేశాడు.

“ఏం సార్, ఊరంతా పోస్తాదంటిరే, యాడ? మీ లెక్క తప్పాయె!”

సార్ అంత గట్టిగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. “తప్పాయె శెట్టీ! దాన్ని తప్పించేదానికే గదా ఎండలో నిలబడింది! తీపి ఏముండాదో తీ, అందరికీ పెట్టు!”

ఇప్పుడు నేను డెంగీ అంచనాలు వేస్తున్నాను. పోయిన వానాకాలం మా అంచనాలో సగం జ్వరాలు కూడా రాలేదు. లెక్క తప్పిందని సమావేశంలో ఒకరు అన్నారు. అవునన్నాను. ఆ మూడు నెలలూ వీధి వీధి తిరిగి తొట్లలో నీళ్లు ఒంపించిన ఆడవాళ్ల పేర్లు లేచి నిలబడి ఒక్కొక్కటిగా చదివాను.