కింద గట్టిదేనన్నాను

చాలా ఏళ్లుగా నా గుండె మీద ఒక రాయి ఉంది. మాటవరసకు అనడం లేదు. ఆ రాయి నిజంగానే ఉంది, స్వరూప పెరట్లో. ఆమె రోజూ దాని మీద బట్టలుతుకుతుంది.

నా పేరు అడగకండి. గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాణ్ణి, అంతవరకు చాలు. ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. దీన్ని ధైర్యమంటారా? అనరని నాకూ తెలుసు.

మా వైపు జాగా తీసుకునేవాళ్లు కాగితాలు తర్వాత చూస్తారు. ముందు బాయిలో పనిచేసిన మనిషిని పట్టుకుని కింద ఏముందని అడుగుతారు. పైనుంచి చూస్తే అంతా ఒకటే మట్టి. లోపల బొగ్గు తవ్వేటప్పుడు పైకప్పు కూలకుండా మధ్యమధ్య బొగ్గు దిమ్మెలు వదులుతాం. చివర్లో వెనక్కి వస్తూ వాటినీ తీసేస్తాం. అలా తీసిన చోట పైన ఇల్లు కట్టకూడదు. అందుకే కంపెనీవాళ్లు అక్కడ ఎర్ర రంగు పూసిన రాళ్లు పాతారు.

ఆ రాళ్ల హద్దు లోపలే నేనొక జాగా ఆక్రమించుకుని రేకుల షెడ్డు వేశాను. ఒంటరి షెడ్డు. ఎప్పుడొచ్చి పీకేస్తారోనని ఒకటే గుబులు. పక్కన నాలుగిళ్లు లేస్తే కరెంటు స్తంభం వస్తుంది, నల్లా వస్తుంది, ఇక ఎవరూ కదిలించరు. అదీ నా లెక్క. అప్పుడే ఓదెలు శ్రీరాంపూర్ నుంచి మా బాయికి బదిలీ మీద వచ్చాడు. మెతక మనిషి, నన్ను సొంత అన్నలా చూసేవాడు. అతనికి నా పక్క జాగా చూపించాను. అతను రాకముందే అక్కడి ఎర్ర రాయిని పెకలించి, రంగు కనబడకుండా బోర్లా తోసేశాను.

ఓదెలు మడమతో నేలను తన్ని చూశాడు. అతని భార్య స్వరూప చంటిపిల్లను ఎత్తుకుని పక్కనే నిలబడింది.

"అన్నా, కింద ఏమున్నది? బొగ్గు తీసిండ్రా?" అన్నాడు.

"తియ్యలే. కింద గట్టిదే."

"నువ్వు చూసినవా?"

"నేను జేసిన బాయే గదా ఓదెలూ. నాకు తెల్వదా?"

"గట్లయితే ఫికర్ లేదు. నువ్వు జెప్పినంక ఇంకెవల్నో అడుగుడేంది."

చూసిన మాట నిజమే. అక్కడ దిమ్మెలు తీసిన గ్యాంగులో నేనూ ఉన్నాను. బోర్లా పడున్న రాయిని చూసి, బట్టలుతకడానికి బాగుంటుందని స్వరూప ముచ్చటపడింది. నేనే దొర్లించి ఇచ్చాను.

నేను మాత్రం అక్కడ ఇల్లు కట్టలేదు. ఎందుకు కట్టవని ఓదెలు అడిగితే కంపెనీ క్వార్టరు ఉంది కదా అన్నాను. రిటైరయ్యాక రోడ్డుకు ఇవతల ఇల్లు తీసుకున్నాను. ఆ షెడ్డులో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఏమీ కాదులే అని నమ్మే ఆ మాట చెప్పానని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. నమ్మినవాణ్ణయితే ఎందుకు పడుకోలేదు?

ఏళ్లు గడిచాయి, ఏమీ కాలేదు. ఓదెలు జబ్బుచేసి పోయాడు. ఇల్లు మీద కూలి చనిపోలేదు కదా అని లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. చూడండి నా బుద్ధి. ఆ తర్వాత, కంపెనీ వదిలేసిన భూముల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు పట్టాలివ్వాలని సర్కారు ఉత్తర్వు వచ్చింది. బస్తీ అంతా మిఠాయిలు పంచుకుంది. కొలతలకు వచ్చినవాళ్లు, ఇక్కడ పాత గుర్తురాళ్లు ఏమైనా ఉండేవా అని పెద్దమనిషినని నన్నే అడిగారు. లేవన్నాను. రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

పట్టా స్వరూప పేర వచ్చింది. పట్టా చూసి బ్యాంకు లోను ఇచ్చింది. ఆ డబ్బుతో స్వరూప కింద తను నడిపే టిఫిన్ సెంటరు పెద్దది చేసి, పైన కూతురికీ మనవలకూ అంతస్తు వేస్తోంది. ఇన్నాళ్లూ ఆ ఇంటిమీద ఉన్నది రేకులు. ఇప్పుడు ఇనుము, సిమెంటు, ఆ పైన పిల్లలు.

మొన్నటి వానలకు నా షెడ్డు వెనక నిలిచిన నీళ్లు ఎటూ పారకుండానే మాయమయ్యాయి. వెళ్లి చూస్తే బిందె పట్టేంత గుంత. కర్ర దించితే అడుగు తగల్లేదు. ఎవరూ చూడకుండా ఇటుక ముక్కలూ మట్టీ పోసి తొక్కేశాను. ఎవర్ని కాపాడటానికి తొక్కాను? అప్పటినుంచి మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో మందుపెట్టి బ్లాస్టింగ్ చేసినప్పుడల్లా తినే కంచం వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తుతున్నాను, అవతల ఆ ఇల్లు ఉందా లేదా అని. ఏమైందని నా భార్య అడుగుతుంది. పొలమారిందంటాను.

నిన్న చెప్పేద్దామనే వెళ్లాను. స్వరూప ఆ రాయి మీదే మనవడి చొక్కా ఉతుకుతోంది. నన్ను చూసి లేచి, మేస్త్రీతో, "గీ అన్న జెప్పబట్టే మా ఇంటాయన ఈడ కట్టిండు" అంది. చాయ్ తెచ్చి చేతికిచ్చింది. తాగి వచ్చేశాను.

చెబితే పట్టా ఉంటుందో పోతుందో, ఆమె నెత్తిన లోను అలాగే ఉంటుందేమో, ఆ వీధి వీధంతా ఖాళీ చెయ్యమంటారేమో అని రకరకాలుగా ఆలోచించి, ఇదంతా ఆమె మంచికే అనుకోబోయాను. కాదు. నన్నేమంటారోనన్న భయమే ఎక్కువ.

ఇప్పుడు మీకు చెప్పేశాను. ఇన్నేళ్లలో మొదటిసారి కాస్త ఊపిరాడుతోంది. ఈ తేలికను చూస్తేనే నాకు మరింత భయంగా ఉంది. ఇంతటితో సరిపెట్టుకుంటానేమో. మీకు ఆ ఇల్లు ఎక్కడుందో కూడా తెలియదు.

ఆదివారం స్లాబు వేస్తున్నారు. పెద్దవాణ్ణి కదా, మొదటి తట్ట నన్నే పొయ్యమంది.