డాక్టరక్కకు గురువు దొరికిన రోజు

నా చిన్నప్పుడు బన్సీలాల్‌పేటలో మా పక్కింట్లో ఒక డాక్టరక్క ఉండేది. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. అక్క అప్పుడే డాక్టరు చదువు ముగించి ఆస్పత్రిలో చేరింది. కాన్పుకు వచ్చే తల్లుల్లో అంతమంది ఎందుకు పాలిపోయి ఉంటున్నారో తెలుసుకోవాలని ఆమెకు ఒకటే తపన. మందు ఇవ్వడం నేర్పారు గానీ, ఒక ప్రశ్న పట్టుకుని దాని వెంట ఎలా వెళ్ళాలో కాలేజీలో ఎవరూ నేర్పలేదని అనేది. ఆ పరిశోధనకు అనుమతి రావాలంటే దారి చూపడానికి పెద్ద డాక్టరు ఒకరు ఒప్పుకోవాలి. నెలాఖరులోగా అలాంటివాళ్ళు దొరక్కపోతే అవకాశం పోయినట్టే.

సైన్యంలో పనిచేసి రిటైరైన పెద్ద డాక్టరుగారు ఒకరు సైనిక్‌పురిలో ఉన్నారని తెలిసింది. అక్క తన ఆలోచనంతా కుదురుగా రాసింది. నాకప్పటికి చదవడం రాదు గానీ, ఒక్క కొట్టివేత లేని ఆ కాగితాలు చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నాయో. ఆదివారం చర్చి కాగానే నన్ను తోడు తీసుకుని బస్సెక్కింది. పెద్దాయన వరండాలోనే నిలబడి కాగితాలు తిరగేశారు. "బాగుందమ్మా, మంచి పని" అని తిరిగిచ్చేశారు. అంతే, మేము మళ్ళీ గేటు బయట ఉన్నాం.

సాయంత్రం అక్క మా అరుగు మీద దిగాలుగా కూర్చుంది.

"ఏందే, మొహం గిట్ల పెట్టినవ్? తిట్టిండా?" అంది మా నాయనమ్మ.

"లేదు అవ్వా. బాగుందన్నారు. ఇంకో మాట లేదు."

"బాగుందంటే సుత ఏడుస్తరా మీ డాక్టర్లు?"

అంతలో వెనక వీధి ఆమె ఒక జాడీ చంకన పెట్టుకుని వచ్చింది. మామిడికాయ తొక్కు పెట్టడంలో మా నాయనమ్మకు ఆ వీధుల్లో పేరు. ఎవరు నేర్పమన్నా "నాకేడ తీరుతది" అని తప్పించుకునేది. ఈమె నేర్పమని అడగలేదు. మూత తీసి చూపించిందంతే. పైనంతా బూజు.

"అయ్యో, ఏం జేసినవే దీన్ని?" అంటూ నాయనమ్మ కొంగు దోపుకుని కూర్చుంది. ముక్కలు తుడిచిందా, ఏ ఉప్పు వేసింది, తడి గరిటె పెట్టిందా అని ఆరా తీసింది. వచ్చినామె ఏదీ దాచకుండా చెప్పింది. దీపాలు పెట్టే వేళకు, మా అమ్మకు కూడా చెప్పని కిటుకులన్నీ నాయనమ్మ నోటి నుంచి బయటికొచ్చాయి. అక్క చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి లేచి వాళ్ళింట్లోకి పరుగెత్తింది.

మరుసటి ఆదివారం మళ్ళీ బస్సెక్కాం. ఈసారి కాగితాల నిండా కొట్టివేతలే. తనకు తెలియనివన్నీ మొదటి పేజీలోనే రాశానని అక్క దారిలో చెప్పింది. ఆస్పత్రికి వచ్చిన తల్లులనే చూస్తే, రానివాళ్ళ సంగతేమిటి? ఎంతమందిని చూస్తే నమ్మవచ్చు? ఈ సందేహాలు ఆమెకు మొదటి నుంచీ ఉన్నవే. చులకనైపోతానని దాచిపెట్టింది.

పెద్దాయన మొదటి పేజీ చదివి కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇది మొన్న ఎందుకు చెప్పలేదమ్మా?" అని లోపలికి పిలిచారు. బల్ల మీద కాగితాలు పరిచి పెన్సిలు తీశారు. ఆస్పత్రికి రానివాళ్ళ ఇళ్ళకు నువ్వే వెళ్ళాలన్నారు. ఎలా వెళ్ళాలి, ఏం అడగాలి అంటూ అక్క, ఆయన ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా పండుగకు వచ్చినట్టుంది. వాళ్ళింట్లో ఇచ్చిన బిస్కెట్టు తినడం కూడా మరిచిపోయాను. లెక్కల భాగం తనకూ అంతగా రాదని, అది తెలిసిన స్నేహితుడి దగ్గరికి పంపుతానని ఆయనే చెప్పారు. కొత్త డాక్టర్లకు పరిశోధన నేర్పే వేసవి తరగతుల్లో చేరమన్నారు. చివరికి, దారి చూపడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క నా చెయ్యి వదల్లేదు. "ఒక గురువు కోసం వెళ్తే ఇద్దరు దొరికారే" అని దారంతా అంటూనే ఉంది.

ఇప్పుడు నా మనవరాలు డాక్టరై పరిశోధనలోకి అడుగు పెడుతోంది. శిక్షణ తరగతులు ఫోన్లోనే బోలెడు దొరుకుతున్నాయి గానీ, గైడ్‌గా ఉంటారా అని మెయిల్ పెడితే ఎవరూ పలకడం లేదని మొన్న దిగులు పడింది. ఆ మెయిల్ చదివి వినిపించమన్నాను. అంతా తన మార్కులు, మెడళ్ళు.

"నీకు రానిదేందో అది రాసి పంపు బిడ్డా" అన్నాను.

"గట్ల రాస్తే నవ్వుతరు అమ్మమ్మా."

"నవ్వితే నవ్వనీ. పలుకుతరు గద."

రాసింది. ఈ పొద్దున ఒక డాక్టరమ్మ నుంచి జవాబు వచ్చింది. శుక్రవారం రమ్మంది, ఇంకా ఏమేం తెలియవో అవి కూడా రాసుకు రమ్మంది. మా పిల్ల వంటింట్లో నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక, పెద్దవాళ్ళకు చదువు చెప్పే సాయంత్రం బడిలో. తోటివాళ్ళు తమకు వచ్చినవి టీచరమ్మకు చూపించి మురిసిపోతుంటే, నేను రానివే పట్టుకెళ్ళేదాన్ని. ఆమె నన్ను అందరికంటే ఎక్కువసేపు కూర్చోబెట్టేది. వత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. రేపు సాయంత్రం, ఇదంతా రాసిన ఈ కాగితాలు ఆమె ముందు పెడతాను. ఎన్ని తప్పులు దొరుకుతాయో చూడాలని నాకే తొందరగా ఉంది.